ఆజ్ఞ ఏది, సలహా ఏది, స్వేచ్ఛ ఏది: నిత్యజీవితంలో విశ్వాసికి ఎదురయ్యే ప్రశ్నలు

సంఘ సహవాసంలో కొంతకాలం గడిపిన వారెవరికైనా ఈ ప్రశ్నలు పరిచయమే. సంపాదనలో పదోవంతు దేవునికి ఇచ్చే దశమభాగం తప్పనిసరా? ఆదివారం ఉద్యోగానికి వెళ్తే పాపమా? మందులు వాడితే విశ్వాసం తక్కువైనట్టా? మళ్లీ మళ్లీ గాయపరిచే మనిషిని ఎన్నిసార్లు క్షమించాలి? ఈ సంబంధం దేవుని చిత్తమేనని ఎలా తెలుస్తుంది? ఎప్పుడో నోరు జారి అన్న మాట వల్ల క్షమాపణ లేని పాపంలో పడిపోయానేమో అన్న భయాన్ని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా మోస్తున్నవారూ ఉన్నారు.

అడిగినవారికి తరచూ రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఒకరు ఒక వచనం చూపించి "తప్పనిసరి" అంటారు. ఇంకొకరు మరో వచనం చూపించి "మనం కృప కింద ఉన్నాం, అవసరం లేదు" అంటారు. ఇద్దరి చేతిలోనూ బైబిలే ఉంటుంది, అడిగిన మనిషికి మాత్రం దారి కనిపించదు. బైబిలు ఆజ్ఞగా చెప్పినదాన్ని, సలహాగా చెప్పినదాన్ని, విశ్వాసి మనస్సాక్షికి విడిచిపెట్టినదాన్ని మనం ఒకే గాటన కట్టడం వల్లనే ఈ చిక్కంతా వస్తోందని నా నమ్మకం.

ఈ తేడా నేను కల్పించినది కాదు, తొలి సంఘాలకు పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు స్వయంగా చూపించినది. కొరింథు సంఘం వివాహం గురించి కొన్ని ప్రశ్నలు రాసి పంపింది. వాటికి జవాబుగా మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో ఆయన ఎంత ఆచితూచి మాట్లాడాడో చూడండి. భార్య భర్తను విడిచిపెట్టకూడదని చెబుతూ, ఈ ఆజ్ఞ ఇస్తున్నది నేను కాదు, ప్రభువే అంటాడు. అవిశ్వాసిని పెళ్లాడి ఉన్నవారి సంగతికి వచ్చేసరికి, ఇది ప్రభువు కాదు, నేను చెబుతున్నాను అంటాడు. పెళ్లికానివారి గురించి మాట్లాడేటప్పుడు ఇంకాస్త వెనక్కి తగ్గి, ప్రభువు ఆజ్ఞ నాకేమీ లేదు, నా అభిప్రాయం చెబుతున్నాను అంటాడు. అలాగని ఆ అభిప్రాయాన్ని తేలిగ్గా తీసుకోమనలేదు. తనకు కూడా దేవుని ఆత్మ ఉన్నదని తలంచుకుంటున్నానని చెప్పే ఆ అధ్యాయాన్ని ముగించాడు. అయినా అపొస్తలుడంతటివాడు తన సలహాకు ప్రభువు ముద్ర వేయలేదు. అభిప్రాయాలను ఆజ్ఞలుగా ప్రకటించే ముందు మనం ఈ అధ్యాయాన్ని ఒకసారి చదువుకోవాలి.

ఒకే మాంసం, మూడు జవాబులు

విశ్వాసికి స్వేచ్ఛ ఉందనగానే కొందరు కలవరపడతారు. పట్టు సడలితే మనుషులు దారి తప్పుతారని వారి బెంగ. కొరింథు మాంసం తగాదాను పౌలు పరిష్కరించిన తీరు చూస్తే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. ఆ పట్టణంలో విగ్రహాలకు బలి ఇచ్చిన పశువుల మాంసంలో కొంత ఆలయాల విందు గదుల్లోనే వడ్డించేవారు, కొంత బజారుకు వచ్చేది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు అది తినవచ్చా? ఎనిమిది నుంచి పదో అధ్యాయం దాకా సాగే జవాబు చదివినవారికి మొదట అయోమయంగా ఉంటుంది, ఎందుకంటే అందులో మూడు జవాబులున్నాయి. విగ్రహం ఎదుట జరిగే విందులో కూర్చోవద్దు, అది ఆ ఆరాధనలో పాలుపొందడమే. బజారులో అమ్మేది ఏదైనా కొనుక్కుని తినండి, ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీయనక్కరలేదు. ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, కానీ ఇది బలి ఇచ్చిన మాంసమని ఒకరు ప్రత్యేకంగా చెబితే, ఆ చెప్పిన మనిషి మనస్సాక్షి కోసం మానేయండి.

మాంసంలో ఏ మార్పూ లేదు. ఎక్కడ తింటున్నాం, ఎవరు చూస్తున్నారు, తినడానికి అక్కడ ఏ అర్థం వస్తోంది అన్నవే మారాయి. కాబట్టి "ఫలానా పని తప్పా కాదా" అన్న ప్రశ్నకు ఒక్కోసారి ఒంటిమాటలో జవాబు ఉండదు, ఉండనక్కరలేదు కూడా. పౌలు చేతల్లోనూ ఇదే కనిపిస్తుంది. యూదుల మధ్య సేవకు ఆటంకం కాకూడదని తన సహచరుడు తీమోతికి సున్నతి చేయించాడు. సున్నతి లేకపోతే రక్షణ లేదని కొందరు పట్టుబట్టిన చోట మరో సహచరుడు తీతుకు చేయించడానికి ససేమిరా అన్నాడు. మొదటిది ప్రేమతో వదులుకున్న స్వేచ్ఛ. రెండో చోట తలవంచి ఉంటే సువార్తకే ఒక షరతు చేరి ఉండేది.

రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఈ ఆలోచన ఇంకా సూటిగా ఉంది. అన్నీ తినేవాడు తిననివాణ్ని చిన్నచూపు చూడకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఎవరి పక్కన ఏ తప్పు పొంచి ఉంటుందో పౌలుకు తెలుసు. స్వేచ్ఛ ఎక్కువగా ఉన్నవాడికి గర్వం, నియమాలు ఎక్కువగా ఉన్నవాడికి తీర్పు. ఇద్దరినీ ఒకే అభిప్రాయానికి రమ్మని మాత్రం ఆయన ఆ అధ్యాయంలో ఎక్కడా అడగలేదు.

ఇక్కడే మన సంఘాల్లో తరచూ దుర్వినియోగమయ్యే మాట ఒకటి ఉంది: అభ్యంతరం. "నువ్వు అలా ఉండటం నాకు అభ్యంతరంగా ఉంది, కాబట్టి మానెయ్" అని పెద్దవారు యువతను మందలించడం చూస్తుంటాం. పౌలు చెబుతున్న అభ్యంతరం అది కాదు. బలహీనమైన మనస్సాక్షి ఉన్న సహోదరుడు నిన్ను చూసి, తనకు తప్పని తోచిన పనిలోకి తానూ దిగి నశించడాన్ని గురించి ఆయన మాట్లాడుతున్నాడు. ఒకరికి నచ్చకపోవడం వేరు, ఒకరు పడిపోవడం వేరు. నచ్చకపోవడమే కొలత అయితే సంఘంలో అందరికంటే ఎక్కువ నొచ్చుకునే మనిషి ఇష్టమే చట్టమవుతుంది.

ద్రాక్షారసం గురించిన వాదనలకూ ఇదే వెలుగు సరిపోతుంది. మత్తులై ఉండకూడదన్నది ఎఫెసీయులకు రాసిన పత్రికలో స్పష్టమైన ఆజ్ఞ, దానికి వెసులుబాటు లేదు. పూర్తిగా మానేయడం అనేక సంఘాలు, ఎందరో విశ్వాసులు తాగుడు తెచ్చే నాశనాన్ని కళ్లారా చూసి తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. దాన్ని ఎంత గట్టిగా పాటించినా, కానాలో నీటిని ద్రాక్షారసంగా మార్చిన ప్రభువు కంటే పరిశుద్ధులం కాలేమన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

దశమభాగం ఎవరికి, ఎందుకు

డబ్బు విషయానికి వద్దాం. ఇక్కడ నిదానంగా నడవాలి, ఎందుకంటే బీద విశ్వాసులకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. మోషే ధర్మశాస్త్రంలో దశమభాగం ప్రధానంగా పంటలోనూ మందలోనూ ఇచ్చేది. సంఖ్యాకాండము ప్రకారం అది మందిర సేవ చేసే లేవీయులకు, ఎందుకంటే వారికి భూమిలో స్వాస్థ్యం లేదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం ప్రకారం అందులో కొంత ఇచ్చినవారే కుటుంబంతో సహా దేవుని సన్నిధిలో సంతోషంగా తినేవారు. ప్రతి మూడో ఏడు అది లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాళ్లకు చెందేది. ఆ 14వ అధ్యాయం మీద ప్రసంగాలు అరుదు. మలాకీ మూడో అధ్యాయం మీద తరచూ వింటాం. అక్కడ కూడా దశమభాగం తెమ్మన్నది దేవుని మందిరంలో ఆహారం ఉండేలా, ఆలయపు నిల్వగదిలోకి. ఆ వ్యవస్థ మొత్తం ఒక దేశానికి, ఒక ఆలయానికి, భూమిలేని ఒక గోత్రానికి ముడిపడి ఉంది.

కొత్త నిబంధన పత్రికలు సంఘాలకు పదోవంతు అనే లెక్కను ఎక్కడా విధించలేదు. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం చందా సేకరిస్తూ పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో రెండు పూర్తి అధ్యాయాలు ఇవ్వడం గురించే రాశాడు, వాటిలో దశమభాగం ప్రస్తావనే రాదు. ఎవరు తన హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం వారు ఇవ్వాలి, సణుక్కుంటూ కాదు, బలవంతం మీద కాదు. మనసు ఉంటే చాలు, ఉన్నదాన్ని బట్టే అది అంగీకారమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదు. ఆ అధ్యాయాల్లోనే సంఘ పెద్దలందరూ చదవాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆ పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ నింద మోపకుండా పౌలు జాగ్రత్తపడుతున్నాడు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పంపుతున్నాడు, ప్రభువు దృష్టికే కాదు మనుషుల దృష్టికి కూడా యోగ్యమైనదే చేయాలని కోరుతున్నాడు. కానుక ఇవ్వమని అడిగే నోరు లెక్క చూపించడానికీ సిద్ధంగా ఉండాలి.

పదోవంతు వద్దని నేను అనడం లేదు. ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు పదోవంతు ఇచ్చాడు, ఇవ్వడం నేర్చుకునేవారికి అది మంచి కొలతే. బాగా సంపాదించేవారికి అది చాలా చిన్న కొలత అని కూడా అంటాను. కానీ అప్పులో కూరుకుపోయి పిల్లలకు తిండి పెట్టలేకపోతున్న ఇంటికి వెళ్లి, మీరు దేవుణ్ని దోచుకుంటున్నారని చెప్పడం క్రూరత్వం. కన్నవారికి చేయాల్సిన సాయాన్ని దేవునికి అర్పించేశానని చెప్పి తప్పించుకునేవారిని యేసు మార్కు ఏడో అధ్యాయంలో ఎంత తీవ్రంగా ఖండించాడో గమనించాలి. రెండు కాసులు వేసిన విధవరాలిని మెచ్చుకునే ముందు, విధవరాళ్ల ఇళ్లను మింగేసే శాస్త్రులను, అంటే ధర్మశాస్త్ర బోధకులను, కూడా ఆయన ఖండించాడు. ఆ రెండు మాటలూ మార్కు సువార్తలో పక్కపక్కనే ఉన్నాయి.

ఆదివారం సంగతి క్లుప్తంగా. విశ్రాంతి దినం ఏడో రోజు. క్రైస్తవులు ప్రభువు పునరుత్థానాన్ని బట్టి వారపు మొదటి రోజున కూడుకోవడం తొలినాళ్ల నుంచే ఉంది, కానీ వారికి ఆ రోజు సెలవు లేదు. సుమారు 112లో రోమన్ అధికారి ప్లినీ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని ఉంది. ఆదివారాన్ని సెలవు దినంగా చట్టం చేసింది 321లో కాన్‌స్టంటైన్. కాబట్టి ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ పడిన నర్సు పాపం చేయడం లేదు. వారంలో ఒక రోజైనా సహవాసానికీ విశ్రాంతికీ చోటు లేకుండా ఏళ్లు గడిపేస్తే మాత్రం ఆలోచించుకోవాలి. కూడుకోవడం మానవద్దని హెబ్రీయులకు రాసిన పత్రిక హెచ్చరిస్తోంది, విశ్రాంతి దినం మనుషుల కోసమే నియమించారని యేసు చెప్పాడు. శనివారాన్నే పాటించే సంఘాలున్నాయి, ఇథియోపియా ఆర్థోడాక్స్ సంఘం రెండు రోజులనూ గౌరవిస్తుంది. దినాల విషయంలో ఎవరి మనసులో వారు రూఢి చేసుకోవాలని పౌలు చెప్పిన తర్వాత దీని మీద కొట్లాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

దేవుని చిత్తం తెలుసుకోవడం గురించి కూడా కొంత చెప్పాలి. ఇశ్రాయేలును శత్రువుల నుంచి విడిపించడానికి దేవుడు పిలిచిన గిద్యోనులా చాలామంది గుర్తు అడుగుతారు, నేల మీద పరిచిన గొర్రె బొచ్చు మంచుకు తడవాలి, నేల పొడిగా ఉండాలి అన్నట్టు. గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు అప్పటికే స్పష్టంగా చెప్పాడు. ఆ గుర్తు దారి తెలుసుకోవడానికి కాదు, అతని భయం తీరడానికి. దేవుని చిత్తం అనే మాటకు పత్రికల్లో నేరుగా ఇచ్చిన వివరణలు పరిశుద్ధులై ఉండటం, ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించడం వంటివి. పెళ్లి గురించి పౌలు విధవరాలికి చెప్పినది మనల్ని ఆశ్చర్యపరిచేంత విశాలంగా ఉంటుంది: ఆమె తనకు ఇష్టమైనవాణ్ని పెళ్లి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే. హద్దు ఉంది, హద్దు లోపల ఎంపికా ఉంది. ప్రార్థించండి, తెలిసినవారి సలహా అడగండి, ఆలోచించండి, నిర్ణయించుకోండి. ఒక్క తప్పు మలుపుతో దేవుని ప్రణాళిక మొత్తం చేజారిపోతుందని వణకనక్కరలేదు.

మందులు, ప్రార్థన

ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ, ఎందుకంటే ఇక్కడి తప్పుడు బోధ ప్రాణాలు తీస్తుంది. స్వస్థత కోసం ప్రార్థించడం వాక్యానుసారమే. రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు రాశాడు. దాని నుంచి "మందులు మానేస్తేనే నిజమైన విశ్వాసం" అనే మాట పుట్టడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడు, ప్రియమైన వైద్యుడని పౌలే రాశాడు. రాజైన హిజ్కియా ప్రార్థనను దేవుడు విన్నాడు, అయినా ప్రవక్త యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. తీమోతి కడుపు జబ్బుకు పౌలు ఉపవాస ప్రార్థన పెట్టించలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చెప్పాడు. సహచరుడు త్రోఫిము రోగంతో ఉంటే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని ఏ దాపరికమూ లేకుండా రాశాడు. తన శరీరంలోని ముల్లు పోవాలని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది, ముల్లు పోలేదు. వీరందరికీ విశ్వాసం తక్కువని చెప్పే ధైర్యం ఎవరికుంది?

రోగం నయం కానివారికి ఆ రోగమే పెద్ద భారం. దాని మీద "నీ విశ్వాసం చాలలేదు" అనే నేరం మోపకండి. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదు అని ప్రభువు చెప్పాడు.

క్షమించడం అంటే మళ్లీ అప్పగించుకోవడమా

సహోదరుణ్ని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడిగాడు, యేసు డెబ్బై ఏడుల సార్లు అన్నాడు. ఈ మాటను చూపించి, ఇంట్లో దెబ్బలు తింటున్న భార్యను మళ్లీ అదే గదిలోకి పంపినవారున్నారు. మత్తయి 18వ అధ్యాయాన్ని మొదటి నుంచీ చదివితే ఆ పని చేయలేం. ఆ అధ్యాయం మొదటి భాగంలోనే చిన్నవారిని పడద్రోసేవారి మీద అతి భయంకరమైన హెచ్చరిక ఉంది. మధ్యలో, తప్పు చేసినవాణ్ని ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, ఆ తర్వాత సంఘం ఎదుట నిలదీయమని ఉంది. అప్పటికీ వినకపోతే అతన్ని బయటివాడిగా ఎంచమని ఉంది. పేతురు ప్రశ్న దాని తర్వాతే వస్తుంది. క్షమాపణ గురించి మాట్లాడిన ప్రభువే తప్పును వెలుగులోకి తెమ్మని కూడా చెప్పాడు.

క్షమించడం ఆజ్ఞ, అందులో సందేహం లేదు. పగను వదిలి, ప్రతీకారాన్ని దేవునికి అప్పగించడం గాయపడినవారు ఒంటరిగానైనా చేయగలరు, దానికి నెలలూ ఏళ్లూ పట్టవచ్చు. సమాధానపడటానికి మాత్రం ఇద్దరు కావాలి, ఒకరి మారుమనస్సు కావాలి. నమ్మకం మళ్లీ కుదరడానికి కాలమూ రుజువూ కావాలి. యోసేపు కథ చూడండి. అన్నలు ధాన్యం కోసం వచ్చినప్పుడు ఆయన వెంటనే తనను తాను బయటపెట్టుకోలేదు. ఒకప్పుడు తనను అమ్మేసినవారు ఇప్పుడు చిన్నతమ్ముడైన బెన్యామీనును కూడా విడిచిపెట్టి పోతారేమో పరీక్షించాడు. తమ్ముడికి బదులు నేను బానిసగా ఉంటానని యూదా ముందుకు వచ్చాకే తాను ఎవరో ఏడుస్తూ చెప్పాడు. ఆ జాగ్రత్తను బైబిలు ఎక్కడా తప్పుబట్టలేదు. చట్టాన్ని ఆశ్రయించడం కూడా క్షమించకపోవడం కాదు. అన్యాయపు విచారణ ఎదురైనప్పుడు పౌలు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానని తన హక్కును వాడుకున్నాడు. హింస జరుగుతున్న ఇంట్లో ముందు చేయాల్సింది ఆ మనిషిని, పిల్లలను భద్రమైన చోటికి చేర్చడం. ప్రబోధం తర్వాత.

అన్నిటి అడుగున ఉన్న భయం

ఈ ప్రశ్నలన్నిటి అడుగున తరచూ ఒకే భయం ఉంటుంది: తప్పు చేస్తే దేవుడు నన్ను వదిలేస్తాడా? విశ్వాసమా క్రియలా అన్న పాత వివాదం ఇక్కడికే వస్తుంది. ధర్మశాస్త్ర క్రియలు లేకుండానే మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడని పౌలు అంటాడు. విశ్వాసం మాత్రమే చాలదని యాకోబు అంటాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు. పౌలు చూపించేది ఆదికాండము 15వ అధ్యాయంలోని అబ్రాహామును, ఇస్సాకు ఇంకా పుట్టకముందు దేవుని మాటను నమ్మినవాణ్ని. యాకోబు చూపించేది 22వ అధ్యాయంలో ఆ కుమారుణ్నే బలిపీఠం మీద పెట్టినవాణ్ని. వారి ఎదుట ఉన్న జనం వేరు. పౌలు ఎదుట సున్నతి వంటివాటిని దేవుని అంగీకారానికి షరతుగా పెట్టినవారున్నారు. యాకోబు ఎదుట, ఆకలితో ఉన్న సహోదరుడికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్లమని చెప్పి పంపేవారున్నారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం వరుసను తేటగా పెడుతుంది: కృప చేత విశ్వాసం ద్వారా రక్షణ, క్రియల వల్ల కాదు, సత్క్రియలు చేయడం కోసం. పాశ్చాత్య సంఘాన్ని పదహారో శతాబ్దంలో చీల్చిన ఈ ప్రశ్న మీద లూథరన్, కథోలిక సంఘాలు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. తేడాలన్నీ తీరిపోలేదు, కానీ మూల సత్యాల్లో ఏకాభిప్రాయం ఉందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

ఇక క్షమాపణ లేని పాపం. మార్కు మూడో అధ్యాయంలో ఆ హెచ్చరిక ఎవరితో అన్నాడో చూడాలి. యేసు దయ్యాలను వెళ్లగొట్టడం కళ్లారా చూసి కూడా, ఇది దయ్యాల అధిపతి పని అని ప్రకటించిన శాస్త్రులతో. వెలుగును చూస్తూ దానికి చీకటి అని పేరు పెట్టే మొండితనం అది. ఆ శాస్త్రుల ముఖాల్లో భయం లేదు, పశ్చాత్తాపం లేదు. "నేను ఆ పాపం చేశానేమో" అని కన్నీళ్లతో అడుగుతున్న మనిషి వారికి పూర్తిగా వ్యతిరేక దిశలో నిలబడి ఉన్నాడు. ప్రభువును ఎరగనని ఒట్టు పెట్టుకున్న పేతురుకు మళ్లీ గొర్రెలను మేపే పని దొరికింది. తాను ఒకప్పుడు దూషకుణ్నని పౌలే తీమోతికి రాశాడు.

కొందరికి దేవదూషణ ఆలోచనలు ఇష్టం లేకుండానే మళ్లీ మళ్లీ చొరబడతాయి, వాటిని చెరిపేయడానికి గంటల తరబడి క్షమాపణ ప్రార్థనలు చేస్తారు, అయినా శాంతి రాదు. ఇది వైద్యులకు బాగా తెలిసిన ఓసీడీ అనే మానసిక వ్యాధి కావచ్చు, దీనికి చికిత్స ఉంది. అలాంటివారు మంచి కాపరితో మాట్లాడాలి, మానసిక వైద్యుణ్ని కూడా కలవాలి. ఆ ఇద్దరిలో ఒకరి దగ్గరికి వెళ్లినందుకు రెండోవారి దగ్గర సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.